మధుమేహము, మద్యపానము, పుంస్త్వహాని

ఎముక విరిగినవాడు పుత్తూరికి వచ్చుటకు సిగ్గుపడడు. దూరదేశమునుండి రైలెక్కి వచ్చి, మన యూరి కట్టు కట్టించుకొని, ఆ కట్టుతోనే నలుగురిలో తిరుగును. ఎట్లు విరిగినదని యడిగిన వారికందరికిని విసుగులేక చెప్పును. ఆ మనుష్యుడే తన పుంస్త్వము సన్నగిల్లినదని యెరిగినప్పుడు భార్యతో చెప్పడు, అన్నదమ్ములతో చెప్పడు, వైద్యునితోను చెప్పడు. శరీరమున ఎముక యెట్టిదో తక్కిన అంగములును అట్టివే కదా! ఒకదానికి కట్టు, మరియొకదానికి మౌనము. ఈ మౌనమువలన జరిగిన కీడును ఒకటి నేను కన్నులార చూచితిని. అందు నాకును భాగము కలదు. దానిని తరువాత మనవి చేసెదను. మొదట ఈ విషయమును మన పూర్వులును, ఇతర దేశములవారును ఎంతవరకు ఎరిగియుండిరో విన్నవించెదను. పెద్దలు విని, పిన్నలకు చెప్పదగిన సంగతి గనుక అసభ్యముగ నెంచవలదని ప్రార్థన.

మన ఆయుర్వేదమునకు అష్టాంగము లున్నవి. అందు వాజీకరణతంత్ర మొకటి. పుంస్త్వమును, సంతానమును గూర్చి చెప్పుటకే ఒక యంగమును కేటాయించిన పూర్వులు ఈ విషయమును సిగ్గుపడదగినదిగా తలపలేదని దీనివలన స్పష్టము. చరకుడు క్లైబ్యమును నాలుగు విధములుగా విభజించెను: బీజోపఘాతము, ధ్వజభంగము, జరాసంభవము, శుక్రక్షయము. బీజము చెడుట వేరు, అంగము పనిచేయకపోవుట వేరు, ముదిమివలన కలుగునది వేరు, ధాతువు క్షీణించుట వేరు. నేటి వైద్యులును ఈ భేదములను ఇంచుమించు ఇట్లే విడదీసి పరీక్షింతురు.

ఇక ప్రమేహములు ఇరువదియని చరకసుశ్రుతు లిరువురును లెక్కించిరి. వానిలో మధుమేహము కడపటిది, కష్టమైనది. రోగి మూత్రము తేనెవలె నుండుననియు, దానికి చీమలు పట్టుననియు పూర్వులు గుర్తించిరి. పుట్టుకతో వచ్చునది, అపథ్యమువలన వచ్చునది యని సుశ్రుతుడు రెండు తెగలను చెప్పెను. మొదటివాడు కృశించియుండును, రెండవవాడు స్థూలకాయుడై, తిండిపోతై, కూర్చుండుటయందును పండుకొనుటయందును ప్రీతి కలవాడై యుండును. నేడు వైద్యులు మొదటి తరగతి, రెండవ తరగతి యని చెప్పు మధుమేహములకు ఈ విభాగము ఎంత దగ్గరగా నున్నదో గమనింపుడు.

ముఖ్యమైన మాట యొకటి కలదు. ప్రమేహము ఏయే ధాతువులను చెరచునో చరకుడు చెప్పుచు, మేదస్సు, రక్తము, మాంసము మొదలగు వానితోపాటు శుక్రమును, ఓజస్సును గూడ లెక్కించెను. ఇక మద్యమును గూర్చిన మదాత్యయ ప్రకరణమున, మద్యమునకు పది గుణము లున్నవనియు, అవి ఓజస్సుయొక్క పది గుణములకును విరుద్ధములనియు చెప్పెను. మితముగా, విధి ననుసరించి పుచ్చుకొన్న మద్యమును ఆయన మెచ్చుకొనెను. దీనిని దాచుట సత్యమునకు ద్రోహము. కాని మితము దాటినది విషమనియు ఆయనయే చెప్పెను. కాబట్టి మధుమేహము ఒక త్రోవను, మద్యము మరియొక త్రోవను వచ్చి, రెండును ఓజస్సనెడి ఒక్క గుమ్మమునొద్దనే కలిసికొనుచున్నవి. ఈ రెండును ఒకే యింట చేరినచో ఏమగునో వేరుగ చెప్పవలయునా?

మనవారి కథలలోను ఈ హెచ్చరిక లేకపోలేదు. కచుని బూడిదను మద్యమున కలిపి యిచ్చినప్పుడు తెలియక త్రాగిన శుక్రాచార్యుడు పిమ్మట మద్యపానమును శపించిన కథ ఆదిపర్వమున అందరును ఎరిగినదే. శపించిన మహర్షి పేరు, మద్యము హరించు ధాతువు పేరు ఒక్కటే యగుట కాకతాళీయమే కావచ్చును. బడిలో నేను పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడెల్ల అది నాకు స్ఫురించుచుండెడిది. కాళిదాసు రఘువంశమును ముగించిన అగ్నివర్ణుడును మద్యమునందు, భోగమునందు మునిగి, వైద్యుల మాట వినక, క్షయించి పోయినవాడే. దిలీపునితో, రఘువుతో వెలిగిన వంశము గర్భస్థశిశువుమీద ఆశపెట్టుకొను స్థితికి వచ్చినది.

ఇతర దేశములవారు ఏమనిరో చూతము. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున కప్పదోకియా దేశపు వైద్యుడు అరెటేయసు ఈ రోగమున మాంసము కరగి మూత్రముగా పోవునట్లుండునని వర్ణించెను. బుఖారా ప్రాంతమున 980లో పుట్టి 1037లో మరణించిన ఇబ్న్ సీనా తన మహాగ్రంథమున మధుమేహమువలన అంగములు కుళ్లుటయు, పుంస్త్వము నశించుటయు రెండింటిని పేర్కొనెను. ఇంగ్లండున 1674లో థామస్ విల్లిస్ రోగి మూత్రము తీపియని వ్రాసెను. 1776లో మాథ్యూ డాబ్సన్ ఆ మూత్రమును కాచి ఇగిర్చి, మిగిలినది చక్కెరయని నిరూపించెను. 1798లో జాన్ రోలో అను సైనికవైద్యుడు మధుమేహరోగులలో పుంస్త్వహానిని గ్రంథస్థము చేసెను. అనగా ఈ సంబంధము నిన్న మొన్న కనిపెట్టినది కాదు. వైద్యులు వ్రాయుచునే యుండిరి. రోగులు దాచుచునే యుండిరి.

ఇక ఇది యెట్లు జరుగునో నేటి శాస్త్రము తేటగా చెప్పుచున్నది. పురుషాంగము ఎముక గలది కాదు. అది నెత్తురు నిండుటచేతనే గట్టిపడును. మనస్సులో కోరిక పుట్టగానే నాడులు వర్తమానము కొనిపోవును. అప్పుడు రక్తనాళముల లోపొరనుండియు, నాడుల కొనలనుండియు నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువు పుట్టి నాళములను సడలించును. మడవ తీసిన కాలువలోనికి చెరువునీరు పారినట్లు నెత్తురు లోనికి పారును. ఈ వాయువు రక్తనాళములలో చేయు పనిని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు, ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనువారికి, 1998లో నోబెల్ బహుమాన మీయబడినది. ఏండ్ల తరబడి నెత్తురులో చక్కెర అధికముగ నున్నయెడల నాడులు మొద్దుబారును, నాళముల లోపొర చెడును, ఆ వాయువు తగ్గును. వర్తమానము చేరదు, చేరినను కాలువ తెరచుకొనదు. కొందరికి అంగము పనిచేసినను వీర్యము వెలుపలికి రాక వెనుకకు తిరిగి మూత్రాశయములోనికి పోవును. అట్టివానికి సంతానము కలుగకపోవుటకు భార్య యెట్లు కారణమగును?

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమున 40 మొదలు 70 ఏండ్ల పురుషులను పరీక్షించి 1994లో ప్రకటించిన లెక్కనుబట్టి, పూర్తిగా శక్తి పోయినవారు మొత్తముమీద నూటికి సుమారు 10 మంది. మధుమేహమునకు మందు పుచ్చుకొనువారిలో నూటికి 28 మంది. అనగా దాదాపు మూడు రెట్లు.

మద్యము చేయు కీడు మరియొక తీరున నుండును. ఒకనాటి మత్తు నాడులను మందగింపజేయును: కోరిక లేచును, శక్తి లేవదు. ఏండ్ల తరబడి త్రాగినచో వృషణములలో పుట్టు పురుషధాతువు, నేటి వైద్యులు టెస్టోస్టిరోన్ అనునది, తగ్గును. కాలేయము చెడుటచే దేహమున స్త్రీధాతువుయొక్క పాలు పెరుగును. వృషణములు చిన్నవగును, రొమ్ములు పెరుగును. కాలేయము గట్టిపడిన పురుషులలో ఈ లక్షణములను ఇటలీ వైద్యులు కోర్డా, సిల్వెస్ట్రినీ అనువారు 1925, 1926 సంవత్సరములలో వర్ణించిరి. ఆరోగ్యవంతులగు పురుషులకే కొన్ని వారములు మద్యమిచ్చి చూడగా ఆ ధాతువు తగ్గినదని 1976లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. మనకు పొరుగుననున్న బెంగళూరులో మద్యమునకు బానిసలై చికిత్సకు వచ్చిన 100 మంది పురుషులను పరీక్షించి 2007లో ప్రకటించిన వ్యాసమున, వారిలో 72 మందికి ఏదో యొక లైంగికలోపము కలదని తేలినది. ఎంత త్రాగితే అంత హాని యని కూడ తేలినది. ఇంతేకాదు. మితిమీరిన త్రాగుడు క్లోమమును చెరచి మధుమేహమును కూడ తెచ్చిపెట్టగలదు. కల్లు, సారా, సీసామద్యము అను పేళ్లు వేరైనను, లోపలి మత్తుపదార్థము ఒక్కటే.

ఇప్పుడు మన జిల్లా చరిత్రకు వచ్చెదను. మన చెరకు, మన బెల్లము దేశమెల్ల నెరిగినవే. ఆ బెల్లమే ఊటయై, నాటుసారాయై, మన కొండపల్లెలను కాల్చినదియు నిజమే. రాజాజీ ప్రధానిగా నుండగా చెన్నరాజధానిలో 1937లో మద్యనిషేధ చట్టము వచ్చినది. ఆ యేడు అక్టోబరు 1వ తేదిని సేలము జిల్లాలో ఆరంభించి, 1938 అక్టోబరు 1వ తేదిని చిత్తూరు, కడప జిల్లాలలో అమలుపరచిరి. ఆంధ్రదేశమున మొట్టమొదట కల్లుదుకాణములు మూతబడినవి మన రెండు జిల్లాలలోనే. పోయిన రాబడిని పూడ్చుకొనుటకై 1939లో అమ్మకపు పన్ను వేసిరి. యుద్ధకాలమున సడలిన నిషేధము 1946లో తిరిగి బలపడి, 1948 అక్టోబరు 2వ తేదినాటికి రాజధాని యంతట వ్యాపించినది. పిమ్మట కాలము మారినది. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము వచ్చినది. దుకాణములు మరల తెరచుకొన్నవి. 1980 దశాబ్దమున వారుణివాహిని పేరిట సారా పొట్లములు పల్లెపల్లెకు చేరినవి.

అప్పుడు ఎదిరించినవారు ఎవరు? చదువురాని స్త్రీలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి పోయి అక్షరములు నేర్చిన ఆడవారు, వాచకమున సారాను ఎదిరించిన స్త్రీల కథ చదివి, తమ యూరి దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట అంటుకొన్నది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోను, ఆ యేడు అక్టోబరు 1వ తేదిని రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. మన జిల్లాలో దుకాణములు మూతబడిన అదే తేదికి సరిగా 55 ఏండ్లు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను.

ఆ యుద్యమమున స్త్రీలు కూలిడబ్బు పోవుటను చెప్పిరి, దెబ్బలను చెప్పిరి, పస్తులను చెప్పిరి. ఒక్క దుఃఖమును మాత్రము సభలో ఎవరును చెప్పలేదు. భర్త త్రాగి త్రాగి పుంస్త్వము కోల్పోయి, ఆ యవమానమును కప్పిపుచ్చుకొనుటకు భార్యను అనుమానించుట, కొట్టుట, గొడ్రాలని తిట్టుట: ఈ దుఃఖము ఏ యర్జీలోను వ్రాయబడలేదు. వ్రాయబడలేదు గనుక లేదనుకొనుట చరిత్రకారుని పొరపాటు.

ఇక నా తప్పును చెప్పుకొందును. 1980 దశాబ్దమున నేను పడుచు వయసున పుత్తూరు ప్రాంతపు ఒక పల్లెలో ఉపాధ్యాయుడనై యుంటిని. ఒక కాపుకు పెండ్లియై ఏడేండ్లైనను సంతానము లేదు. రాత్రిపూట త్రాగుడు కలదు. తరచుగా లేచి మూత్రమునకు పోవుననియు, ఎంత నీరు త్రాగినను దప్పి తీరదనియు అందరును ఎరిగినదే. అది వేడి యనిరి. పెద్దలు రచ్చబండనొద్ద కూర్చుండి, లోపము ఆడదానిదే యని తీర్మానించి, ఆమెను పుట్టింటికి పంపి వానికి మారుమనువు చేయుటకు నిశ్చయించిరి. అక్షరము వచ్చినవాడను నేనే గనుక నన్ను పిలిచి విడుపుకాగితము వ్రాయుమనిరి. నేను వ్రాసితిని. మొదటి వాక్యమున "సంతానయోగ్యత లేని కారణమున" అని వ్రాసితిని. ఆమె ఒక మూల నిలిచియుండెను. ఎవరును ఆమెను ఏమియు అడుగలేదు. చరకుని నాలుగు క్లైబ్యములను కంఠస్థము చేసిన నేనును అడుగలేదు.

కొన్నేండ్లకు ఆ కాపుకు కాలిపుండు మానక మదరాసు ఆసుపత్రికి పోయినాడు. చక్కెరజబ్బు బహుకాలమునుండి యున్నదని అక్కడ తేల్చిరి. రెండవ భార్యకును సంతానము కలుగలేదు. మొదటి యామెకు వేరొకచోట పెండ్లియై ఇద్దరు బిడ్డలు పుట్టిరి. బొటనవ్రేలు తీసివేయించుకొని తిరిగివచ్చినవాడు ఒక సాయంకాలము నా యింటి అరుగుమీద కూర్చుండి, "అయ్యవారూ, ఆ యమ్మ తప్పు ఏమీ లేదు. నాకు తెలిసే ఉండె. చెప్పేదానికి నోరు రాలేదు" అనెను. నేను మాటాడలేకపోతిని. వానికి నోరు రాలేదు; నాకు చేయి ఆగలేదు. వానికి సిగ్గు అడ్డుపడెను. నాకేమి అడ్డుపడెనో నేటికిని చెప్పలేను. నాటినుండి ఎవరి కాగితము వ్రాయవలసివచ్చినను, ఇరువురును పరీక్ష చేయించుకొనిరా యని యడుగక కలము పట్టలేదు.

మహాశయులారా! ఇది నిరాశ చెందవలసిన విషయము కాదు. కెనడాలోని టొరంటో నగరమున 1921లో బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులినును కనుగొనిరి. 1922 జనవరిలో ఒక బాలునికి మొదటిసారి యిచ్చిరి. అంతకుముందు ఆ వ్యాధి పసిపిల్లలకు మరణశాసనము. మన మదరాసులో 1948లో స్టాన్లీ ఆసుపత్రియందు డాక్టరు ఎం. విశ్వనాథన్ మధుమేహమునకు ప్రత్యేక వైద్యశాల నారంభించిరి. నేడు ఈ రోగము పట్టణవాసులదే కాదు. 2021నాటికి భారతదేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదని 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలన తెలిపినది.

చేయవలసినదేమి? పుంస్త్వము తగ్గినదని తోచినవాడు మొట్టమొదట నెత్తురులో చక్కెరను, రక్తపుపోటును పరీక్ష చేయించుకొనవలయును. అంగమునకు పోవు నాళములు గుండెనాళములకంటె సన్ననివి; కావున చెరుపు ముందుగ ఇచ్చటనే కనబడును. గుండెజబ్బునకు కొన్నేండ్లు ముందుగా వచ్చు దూత ఇది. దూతను దాచినవాడు శత్రువును ఇంటికి పిలిచినవాడే యగును. చక్కెరను అదుపులో నుంచి, పొగాకు మాని, దినమును నడచి, బొజ్జ తగ్గించినచో చాలమందికి మేలు కలుగును. ప్రమేహరోగి నూరు యోజనములు నడువవలెననియు, బావి త్రవ్వవలెననియు సుశ్రుతుడు చెప్పెను. పేదవాడు చెప్పులు లేక నడువవలెనని కూడ అనెను. ఈ యొక్క మాటను మాత్రము నేడు పాటింపరాదు. మొద్దుబారిన పాదమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. ఆ కాపు వ్రేలు పోయినది అట్లే.

త్రాగుడు మానినచో పలువురికి శక్తి తిరిగి వచ్చును. బహుకాలము త్రాగినవారిలో కొందరికి మానిన తరువాతకూడ రాదు. కాబట్టి ఎంత త్వరగా మానిన అంత మేలు. అయితే నిత్యము అతిగా త్రాగువాడు ఒక్కసారిగా తనంతట తాను మానినచో వణుకు, మూర్ఛ, మతిభ్రమణము రావచ్చును. వైద్యుని యెదుటనే మానవలయును. చక్కెరకు మందు పుచ్చుకొనువాడు ఖాళీకడుపున త్రాగినచో చక్కెర మితిమీరి పడిపోయి ప్రాణమునకే ముప్పు.

1998నుండి సిల్డెనాఫిల్ అను మాత్ర లోకమున వాడుకలోనికి వచ్చినది. అది పలువురికి ఉపకరించును. కాని గుండెనొప్పికి నాలుకక్రింద పెట్టుకొను నైట్రేటు మందుతో కలిసినచో రక్తపుపోటు హఠాత్తుగ పడిపోయి మనిషి చనిపోవచ్చును. బస్సునిలయముల గోడలమీద కాగితము లంటించి, వసతిగృహములలో గదులు తీసికొని రహస్యవైద్యము చేయువారి పొడులలో ఈ మాత్రనే పేరు చెప్పక కలిపిన సందర్భములును బయటపడినవి. వారిచ్చునది ఏమో వారికే తెలియును. మనవారు పోగొట్టుకొనునది ధనమొక్కటే కాదు.

పెద్దలకు నా మనవి రెండు మాటలు. సంతానము లేని యింట ఆడదానినొక్కదానినే నిలబెట్టి తీర్పు చెప్పవలదు. ముందు మగవాని మూత్రమును, నెత్తురును, వీర్యమును పరీక్ష చేయింపుడు. మగవాడు నోరు విప్పి చెప్పినప్పుడు నవ్వవలదు. నారాయణవనము మనకు పొరుగున నున్నది. స్వామికి, పద్మావతికి కల్యాణము జరిగిన ఆ చోటికి కొత్త దంపతులను కొనిపోయి మ్రొక్కించుదుము. ఆ మ్రొక్కు ఎంత ముఖ్యమో, వారికి ఈ నాలుగు మాటలు చెప్పుటయు అంత ముఖ్యము. నేను నాడు అడుగని ప్రశ్నను మీరు నేడు అడిగినచో, నా చేతి వ్రాతకు కొంత ప్రాయశ్చిత్త మైనట్లే భావింతును.